మొక్కు తీరుతుంది, అలవాటు తీరదు: మా ఆదివారం గుంపును తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో పొద్దున్నే నడిచేవాళ్ళం కొందరం ఆదివారం పూట నడక అయ్యాక చెట్టు కింద కూర్చుంటాం. అందరం ఏదో ఒక అలవాటు మార్చుకోవాలని చూస్తున్నవాళ్ళమే. ఆ వారం తమ అలవాట్ల గురించి ఎవరి నోటు పుస్తకంలో వాళ్ళు ఏం రాసుకున్నారో చదివి వినిపిస్తారు. అంతే. గుంపుకు పేరు లేదు, బ్యానరు లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు తిప్పి తిప్పి అవే ప్రశ్నలు అడుగుతారు. ప్రతిసారీ గొంతు చించుకోవడం ఎందుకని రాసిపెడుతున్నాను. ఒప్పుల్లో ఎక్కువ భాగం గుంపువి, తప్పులు నావి.

మీరు డాక్టరా, సైకాలజిస్టా?

రెండూ కాదు. రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో పదకొండేళ్ళు నైట్ రిసెప్షన్ చేశాను, ఇప్పుడు పగటి డ్యూటీ. మనుషుల అలవాట్లు చూడాలంటే లాడ్జి కౌంటరుకు మించిన చోటు లేదు. రాత్రి రెండింటికి రైలు దిగి, కళ్ళు మూతలు పడుతూ వచ్చిన మనిషి ముందు గది అద్దె అడగడు. చార్జింగ్ ఎక్కడ పెట్టుకోవాలి అంటాడు, లేకపోతే కాఫీ ఎక్కడ దొరుకుతుంది అంటాడు. మందులు, పరీక్షల సంగతి మాత్రం మీ డాక్టర్నే అడగండి. నేను చెప్పేవి కౌంటరు ఇవతల నుంచి చూసినవీ, నా ఒంటి మీద పడినవీ, కొంత చదువుకున్నవీ.

నేను ఏటా నడిచి కొండెక్కుతాను, మొక్కులు తప్పను. మారడానికి అది చాలదా?

నేనూ చాలుననే అనుకున్నాను. 2017లో ఊరికే నీరసంగా ఉంటోందని రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సరాసరి, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ గడప మీద నిలబడినట్టు, 6.5కి చేరితే ఇంట్లోకి వచ్చేసినట్టు. ఆ సాయంత్రమే మొక్కుకున్నాను: నెలకోసారి అలిపిరి నుంచి నడిచి వస్తాను స్వామీ, ఈ గండం గట్టెక్కించు అని. దాదాపు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. మాట తప్పలేదు. గాలిగోపురం దాకా పెద్దగా ఆగేవాణ్ణి కాదు. మోకాళ్ళ మెట్టు దగ్గర మాత్రం నోరు మూసుకుని దండం పెట్టుకునేవాణ్ణి. కిందికి వచ్చాక లీలామహల్ సెంటర్లో ఆగి, ఇంత కష్టపడ్డాం కదా అని రెండు పరోటాలు ఎక్కువ లాగించేవాణ్ణి. పద్నాలుగు నెలలకు మళ్ళీ పరీక్ష చేయించాను. 6.3.

ఇందులో స్వామి చేసిన లోపం ఏమీ లేదు. నెలలో ఒక్క రోజు నడిచి, మిగిలిన రోజులన్నీ కుర్చీకి అతుక్కున్న మనిషికి ఎంత రావాలో అంతే వచ్చింది. మొక్కుకు ఉన్న సుఖం ఏమిటంటే అది తీరుతుంది. కల్యాణకట్టలో గుండు చేయించుకుని బయటికొచ్చే మనిషి ముఖం చూడండి, బాకీ కట్టేసినవాడి ముఖంలా తేలిగ్గా ఉంటుంది. అలవాటులో ఆ తీరిపోవడం లేదు. పళ్ళు తోముకునే పని ఏ రోజుతో తీరింది?

ఇది నాకు కొండ మీదే తట్టింది. బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులు, లోకమంతా చూసేది వాటినే. గుడి నడిచేది మాత్రం తెల్లవారుజామున సుప్రభాతం నుంచి రాత్రి ఏకాంత సేవ దాకా ఎవరు చూసినా చూడకపోయినా రోజూ జరిగే వాటితోనే. నేను నా ఒంటికి నెలకోసారి బ్రహ్మోత్సవం చేస్తూ వచ్చాను, నిత్యసేవ పెట్టలేదు.

ఆ తర్వాత పెట్టిన నిత్యసేవ చాలా చిన్నది. రాత్రి డ్యూటీలో అన్నం తినగానే లాడ్జి రెండో అంతస్తు వరండాలో పది నిమిషాలు అటూ ఇటూ తిరగడం. తిన్న వెంటనే నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకకుండా ఉంటుంది. గదుల్లో ఉన్నవాళ్ళు నన్ను వాచ్‌మన్ అనుకునేవాళ్ళు. ఏడాదికి 5.8 అయింది. ఇంకా గడప మీదే ఉన్నాను, కాకపోతే వీధి వైపు జరిగాను.

నా ఒక్కడి మాట నమ్మకండి. చెన్నై డాక్టర్లు గడప మీద ఉన్న 531 మందితో చేసిన పరిశోధన 2006లో అచ్చయింది. దాదాపు మూడేళ్ళలో, మామూలు సలహాతో వదిలేసినవాళ్ళలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్ళలో 39 మందికి వచ్చింది. ఈ రెండో అంకె కూడా గుర్తుపెట్టుకోండి. అన్నీ సరిగ్గా చేసినా కొందరికి వస్తుంది. వస్తే అది మీ క్యారెక్టర్ మీద తీర్పు కాదు.

21 రోజులు చేస్తే అలవాటు అయిపోతుందంటారు, నిజమేనా?

ఈ 21 పుట్టిల్లు ఒక ఆపరేషన్ థియేటరు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని న్యూయార్క్‌లో ప్లాస్టిక్ సర్జన్ ఉండేవాడు. ముక్కు సరిచేయించుకున్నవాళ్ళు అద్దంలో కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. నోళ్ళు మారేసరికి 'కనీసం' ఎగిరిపోయింది, ముక్కూ ఎగిరిపోయింది, అంకె మిగిలింది.

నిజంగా కొలిచి చూసింది లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం. 96 మంది తలా ఒక చిన్న పని ఎంచుకుని 84 రోజులు చేశారు: టిఫిన్ తర్వాత గ్లాసు నీళ్ళు తాగడం, రాత్రి భోజనానికి ముందు కాసేపు పరుగెత్తడం లాంటివి. ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి నడిమి అంకె 66 రోజులు. త్వరగా వచ్చినవాళ్ళకు 18, ఆలస్యమైనవాళ్ళకు లెక్క కట్టి చూస్తే 254. నీళ్ళ గ్లాసు తొందరగా కుదిరింది, ఒళ్ళు వంచే పనులు నెమ్మదిగా కుదిరాయి. కాబట్టి మీ పక్కింటాయనకు నెలలో కుదిరింది మీకు ఆరు నెలలు పట్టిందంటే వింతేమీ లేదు.

మాల వేసుకున్న 41 రోజులు మందూ సిగరెట్టూ ముట్టను. మాల తీసిన వారానికే మళ్ళీ మొదలు. నాలో సత్తా లేదా?

ఈ ప్రశ్న ప్రతి సంక్రాంతి తర్వాతి ఆదివారమూ వస్తుంది. అడిగేటప్పుడు మనిషి తల దించుకుని ఉంటాడు. అందుకే దీనికి పొడుగ్గానే చెబుతాను.

సత్తా లేకపోతే 41 రోజులు ఎలా ఉన్నారు? ఉన్నారు కదా. కాబట్టి ఆ రోజుల్లో మీ చుట్టూ ఏముండేదో ఒకసారి లెక్కపెట్టుకోండి. ఒంటి మీద నల్లబట్టలు. చూసిన ప్రతివాడూ 'స్వామీ' అని పిలుస్తాడు, చివరికి మీతో తాగే దోస్తు కూడా. తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, రెండు పూటలా పూజ, కటిక నేల మీద పడక. పక్కన ఇంకో పదిమంది స్వాములు, పైన గురుస్వామి. సాయంత్రం ఆరున్నరకు, మామూలుగా అయితే బారు వైపు కాళ్ళు లాగే వేళకు, మీరు భజనలో ఉంటారు. ఇంట్లో ఆడవాళ్ళు మీకోసం వేరే వంట చేస్తారు. బంకు కుర్రాడు సైతం మీకు సిగరెట్టు ఇవ్వడానికి జంకుతాడు.

మాల తీసిన మర్నాడు వీటిలో ఏది మిగిలింది? ఏదీ లేదు. అదే బైకు, అదే దారి, అదే ఆరున్నర, అదే దోస్తు. అతను మళ్ళీ 'ఒరేయ్' అనేశాడు. నలభై ఒక్క రోజులు ఊరంతా కలిసి మోసిన బరువును ఒక్కరోజులో మీ ఒక్కరి భుజం మీద పెట్టి, మోయలేకపోయావేం అంటే ఎలా? మా గుంపులో ఒక సాయబు ఉన్నాడు, నాకు మంచి స్నేహితుడు. రంజాన్ నెలంతా పగలు బీడీ ముట్టడు. ఆయనా ఇదే మాట అంటాడు: "నెలవంక కనిపించగానే నా చెయ్యి జేబులోకి పోతాది, నేను పంపించినట్టు కూడా ఉండదు."

మా గుంపులో పనిచేసిన ఉపాయం ఒక్కటే. మాల తీసే ముందే, దీక్షలోని ఒక్క ముక్కను మాత్రం అట్టిపెట్టుకోవాలని రాసుకోవడం. మొత్తం దీక్ష కాదు, అది సంసారికి కుదిరే పని కాదు. ఒకతను సాయంత్రం ఆరున్నర స్నానం ఉంచుకున్నాడు. పూజ లేదు, భజన లేదు, ఆ వేళకు స్నానం మాత్రం. తడి తలతో బారుకు పోవాలంటే ఎందుకో మనసు రాదట. మొదటి ఏడాది మాల తీశాక వారానికి రెండుసార్లు తాగాడు, ముందు రోజూ తాగేవాడు. రెండో ఏడాది పండగలకు. ఇంకొకతనికి ఏదీ పనిచేయలేదు, అది కూడా చెప్పాలి కదా.

కొండ మీద రోజంతా సిగరెట్టు గుర్తే రాదు. అలిపిరి దిగగానే ప్రాణం లాగేస్తుంది. ఎందుకు?

చాలామంది టాక్సీ డ్రైవర్ల అనుభవం ఇది. తిరుమలలో పొగ నిషేధం, అలిపిరి తనిఖీలోనే ప్యాకెట్టు తీసేస్తారు. దొరకదు అని మనసు ఒప్పుకున్నాక అది అడగడం కూడా తగ్గిస్తుంది. కిందికి వచ్చేసరికి, ఇక దొరుకుతుంది అన్న ఊహే నోరూరిస్తుంది.

సరిగ్గా ఇలాంటిదే ఇజ్రాయెల్‌లో విమాన సిబ్బంది మీద చూశారు, 2010లో అచ్చయింది. పొగతాగే సిబ్బందిని కొన్ని గంటల చిన్న ప్రయాణాల్లోనూ, అంతకు బాగా పెద్ద ప్రయాణాల్లోనూ అడిగి చూశారు. ఎన్ని గంటలు తాగకుండా ఉన్నారన్నదాన్ని బట్టి కాక, విమానం దిగే వేళ ఎంత దగ్గరపడిందన్నదాన్ని బట్టి తలపు పెరిగింది. చిన్న ప్రయాణం చివర్లో ఉన్న తహతహ, పెద్ద ప్రయాణంలో అదే గంటకు లేదు. నికోటిన్ ఒంటిని లాగడం అబద్ధం కాదు. అయితే లాగుడంతా నికోటినే అనుకోవద్దు, అందులో చోటుకూ వేళకూ పెద్ద వాటా ఉంది. మీ అలిపిరి ఎక్కడుందో కనిపెట్టండి. ఒక డ్రైవరుకు అది ఘాట్ దిగాక వచ్చే మొదటి టీ కొట్టు. ఇప్పుడు అక్కడ ఆగడు, ఇంటికి పోయి తాగుతాడు టీ.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏదీ మార్చకుండా మొదలుపెట్టండి. మొదటి ఏడు రోజులు రాయడమే. పది రూపాయల నోటు పుస్తకం, పెన్ను. ఫోనులో వద్దు, ఫోను తెరిస్తే రాయడం తప్ప అన్నీ చేస్తాం.

రాయాల్సినవి నాలుగే: ఎప్పుడు, ఎక్కడ, పక్కన ఎవరు, దానికి ముందు ఏం జరిగింది. నా పుస్తకంలో ఒక పుట ఇలా ఉంది: 'మంగళవారం. 9.40కి అన్నం తిన్నా. 11.20కి బొరుగుల మిక్చర్, సగం పొట్లం. ఆకలి లేదు. కౌంటర్లో ఒక్కణ్ణే. అంతకుముందే ఓనరు ఫోను చేసి కసిరాడు.' ఇందులో 'ఎందుకు' అనే గడి పెట్టలేదని గమనించండి. మొదట్లో పెట్టాం. అందరం అందులో అబద్ధాలే రాశాం, అది కూడా చక్కటి భాషలో. 'ఒత్తిడి వల్ల', 'చిన్నప్పటి నుంచి ఇంతే'. నాలుగు వారాల తర్వాత ఆ గడి కొట్టేశాం. మిగిలినవి నిజం రాస్తే ఎందుకన్నది దానంతటదే బయటపడుతుంది. నా పుస్తకంలో మిక్చర్ పొట్లం ఉన్న ప్రతి రాత్రీ ఓనరు ఫోనూ ఉంది.

మన పక్కనున్న మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా చెప్పినదాంట్లో నాకు అర్థమైన కొంచెం ఇదే: తిట్టుకోకుండా, మెచ్చుకోకుండా ఉన్నది ఉన్నట్టు చూడడం. నన్ను నేను బాగుచేసుకుంటాను అనే ఆరాటాన్ని ఆయన అసలు మెచ్చేవాడు కాదు. ఆ లెక్కన మా గుంపును చూస్తే ఏమనేవాడో! మొదటి వారం వరకైతే ఒప్పుకునేవాడేమో.

నాకు తెలుగు రాయడం మర్చిపోయినట్టయింది. ఇంగ్లీషులో రాయొచ్చా?

ఏ భాషలోనైనా రాయండి. మాలో ఒకామె తమిళంలో రాసి తెలుగులో చదువుతుంది. అక్షరదోషాలు దిద్దే పని ఎవరూ పెట్టుకోరు.

ఇల్లు, పిల్లలు, అత్తమామలు. నాకు ఇవన్నీ చేసే తీరిక ఎక్కడిది?

ఈ మాట అన్న ఒకామెను, సరే అమ్మా, ఏమీ చేయొద్దు, తిన్న ప్రతి పూటా రాయడం ఒకటి చెయ్యి అన్నాం. కొర్లగుంట నుంచి వచ్చేది, ఇద్దరు పిల్లలు, ఇంట్లోనే మిషను కుడుతుంది. రెండో ఆదివారం పుస్తకం తెరిచి ఏం మాట్లాడకుండా మా చేతికిచ్చింది. ఎనిమిది రోజులు, ఇరవై నాలుగు పూటలు. 'ఎక్కడ' అన్న చోట అన్నిట్లోనూ ఒకటే రాసుంది: 'పొయ్యి దగ్గర, నిలబడి.'

ఆమెకు మేము యోగా చెప్పలేదు, ధ్యానం చెప్పలేదు. ఒక పూట, ఒక్క పూట, కూర్చుని తినమన్నాం. వినడానికి ఎంత తేలికో, చేయడానికి అంత కష్టమైంది. ఆమె కూర్చోవాలంటే ఇంట్లో ఇంకెవరో లేచి వడ్డించుకోవాలి. మొదటి రోజు వాళ్ళాయన అడిగాడట, "ఏమి, ఒంట్లో బాగలేదా?" అని. అలవాటు మన ఒక్కరి సొత్తు అనుకుంటాం గానీ చాలా అలవాట్లు ఉమ్మడి ఆస్తి, ఒకరు కదిపితే అందరికీ తగులుతుంది. ఆడవాళ్ళకు ఎవరైనా 'మీకోసం మీరు టైం కేటాయించుకోండి' అని ఉచిత సలహా ఇస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ టైం ఎవరి చేతిలో నుంచి తీసుకోవాలో కూడా చెప్పాలి కదా.

నైట్ డ్యూటీ వాళ్ళం. తెల్లారి లేచి నడవమంటే ఎలా?

నడవొద్దు, నిద్రపోండి. తిరుపతి సగం మంది రాత్రి మేలుకునే ఊరు: లాడ్జీలు, బస్సులు, టాక్సీలు, ఆసుపత్రులు, టీ కొట్లు. 'తెల్లవారుజామున నాలుగింటికి లేస్తేనే జీవితం' అని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు నాలుగింటికి డ్యూటీలో ఉన్నవాడి సంగతి ఆలోచించరు. పెద్దవాళ్ళకు రోజుకు ఏడు గంటల నిద్ర కావాలి, అది ఏ ఏడు గంటలన్నది మీ బతుకుతెరువును బట్టి ఉంటుంది.

నేను పదకొండేళ్ళలో నేర్చుకున్నవి కొన్ని. కాఫీ తాగిన ఐదు గంటలకు కూడా అందులో సగం కెఫిన్ ఒంట్లోనే ఉంటుంది. పొద్దున ఏడింటికి పడుకునేవాడు రాత్రి ఒంటిగంట తర్వాత కాఫీ ముట్టకుండా ఉంటే మేలు. మూడింటి కాఫీ మానడానికి నాకు రెండేళ్ళు పట్టింది, దాన్ని వదులుకోవడం మనిషిని వదులుకున్నట్టుంటుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఎండ కళ్ళలో పడితే ఒళ్ళు పగలనుకుని లేచి కూర్చుంటుంది, అందుకే చలువ కళ్ళద్దాలు పెట్టుకునేవాణ్ణి. మా వీధివాళ్ళు నాకు హీరో వేషాలు అనుకున్నారు. కిటికీకి మందపాటి దుప్పటి. సెలవు రోజున మళ్ళీ పూర్తిగా పగటి మనిషిని అయిపోకుండా, కనీసం మూడు నాలుగు గంటల నిద్ర ఎప్పటి వేళలోనే ఉంచుకోవడం. రాత్రి రెండింటికి కడుపునిండా బిర్యానీ తినకపోవడం. ఇంత చేసినా నైట్ డ్యూటీ ఒంటికి మంచిది కాదు. అవకాశం దొరకగానే పగటికి మారాను, అదే నేను చేసుకున్న పెద్ద మేలు.

రాగి సంకటి తింటే చాలు, షుగర్ దగ్గరికి రాదంటారు?

మన చిత్తూరు వైపు సంకటిలో బియ్యం కూడా ఉంటుందని మర్చిపోతాం. రాగుల్లో పిండిపదార్థం బియ్యానికి పెద్దగా తీసిపోదు. పీచు, కాల్షియం మాత్రం బాగా ఎక్కువ. కాబట్టి ఒక ముద్ద సంకటి, పక్కన అనపగింజల కూరో ఆకుకూరో దండిగా ఉంటే బంగారం. మూడు ముద్దలు, గిన్నెడు చెనిక్కాయల చట్నీ, పైన నాటుకోడి పులుసు పెట్టుకుని 'మిల్లెట్ తింటున్నా' అంటే ఆ మాట పొలంలో రోజంతా కూలిచేసిన మీ తాతకు చెల్లుతుంది, మనకు చెల్లదు.

లడ్డూ సంగతి కూడా అడుగుతారు. లాడ్జిలో పనిచేస్తే దర్శనం చేసుకొచ్చిన ప్రతివాళ్ళూ ప్రసాదం పెడతారు, కాదనలేం. లడ్డూ ఒకటి 160 నుంచి 180 గ్రాముల దాకా తూగుతుంది. రాత్రికి ఒకటిన్నర తిన్న రోజులు నా పుస్తకంలో ఉన్నాయి. మా అమ్మే తేల్చింది: "ప్రసాదమంటే కళ్ళకద్దుకునే చిటికెడు రా. కడుపు నింపుకునేదాన్ని తిండంటారు."

రోజూ 10,000 అడుగులు వేయాల్సిందేనా?

ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. ఆ పేరుకు అర్థమే పదివేల అడుగుల మీటరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారానికి కనీసం 150 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేటంత నడక. మేలో తిరుపతి ఎండ 40 దాటుతుంది, ఏడులోపే ముగించండి. కొత్తవాళ్ళు మొదటి రోజే శ్రీవారి మెట్టు ఎక్కి చూపించాలనుకోవద్దు. 2,388 మెట్లు రెండు కిలోమీటర్ల చిల్లరలోనే ఉన్నాయంటే ఎంత నిటారో చూసుకోండి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా కాలు పెట్టొద్దు. అలిపిరి దారిలో 2023లో చిరుతల ఘటనల తర్వాత పిల్లలకు వేళల ఆంక్షలు పెట్టారు, బయల్దేరే ముందు కనుక్కోండి.

పెళ్ళిళ్ళు, జాతర, ఊరికి పోవడం. మధ్యలో తప్పిపోతే మళ్ళీ మొదటికొచ్చినట్టేనా?

ఒక రోజు తప్పితే ఏమీ కాదు. లాలీ బృందం కూడా అదే చూసింది, ఒక్కరోజు జారితే అలవాటు కుదిరే తీరు పెద్దగా చెడలేదు. వారాలు తప్పే కాలానికి మాత్రం ఒక ఏర్పాటు ఉండాలి. దీనికీ నాకు కొండే దారి చూపింది. ధనుర్మాసంలో స్వామికి సుప్రభాతం ఉండదు, బదులుగా తిరుప్పావై వినిపిస్తారు. మేలుకొలుపు ఆగలేదు, పాట మారింది. మేలో గంగమ్మ జాతర వారం నేను నడవను, నడవలేను కూడా, ఊరంతా వేషాలతో నిండిపోతుంది, చుట్టాలు దిగుతారు. ఆ వారం నా పది నిమిషాలకు మిద్దె మీద బట్టలు ఆరేయడం, తీయడం. వేళ అదే, పని వేరు. మా ఆవిడకు ఈ ఏర్పాటు బాగా నచ్చింది, ఏడాదంతా జాతర ఉండకూడదా అంటుంది.

ఇంట్లో ఎగతాళి చేస్తున్నారు. ఏం చేయాలి?

మా ఇంట్లో మొదటి నెల ఇలా నడిచింది:

"ఏం గీకుతా ఉండారు ఆ పుస్తకంలో?"

"ఏం తిన్నానో రాసుకుంటా ఉండా."

"వండినదాన్ని నేను. నన్నడిగితే చెప్పనా?"

నిజానికి అడిగితే బాగుండేది. ఎగతాళి చేసేవాళ్ళలో ఎక్కువమంది పాతసారి మనం చెప్పిన గొప్పలు గుర్తుపెట్టుకున్నవాళ్ళే. జిమ్ముకు కట్టిన ఏడాది ఫీజు, మూలన పడిన సైకిలు వాళ్ళ కళ్ళ ముందే ఉన్నాయి. కాబట్టి ప్రకటించకండి. స్టేటస్ పెట్టకండి. మూడు నెలలు చప్పుడు కాకుండా చేసుకుంటూ పోతే వాళ్ళంతట వాళ్ళే అడుగుతారు. అడక్కపోయినా నష్టం లేదు.

నాన్న రోజూ తాగుతారు. రేపటి నుంచి పూర్తిగా మాన్పించేయాలా?

ఆగండి. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు, ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం కూడా ఉంది. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. డ్రగ్స్, మద్యం మాన్పించడానికి జాతీయ సహాయవాణి 14446. పొగాకు మానడానికి 1800-11-2356. మనసు బాగాలేనప్పుడు మాట్లాడడానికి టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడొచ్చు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా అది అలవాట్ల సమస్య కాదు. నోటు పుస్తకం పక్కన పెట్టి ఆ నంబరుకు చేయండి.

మారానని, ఎదిగానని నాకు ఎలా తెలుస్తుంది?

పాత పుస్తకం తీసి చదవండి. ఏడాది కిందటి పుట చదువుతుంటే ఎవరో తెలిసినాయన గురించి చదువుతున్నట్టుంటుంది, కొంచెం జాలి, కొంచెం నవ్వు. కొన్నిసార్లు ఏమీ మారలేదని కూడా తెలుస్తుంది. నా పుస్తకంలో కోపం విషయం అలాగే ఉంది. 2018లో ఎవరి మీద అరిచానో ఇప్పుడూ వాళ్ళ మీదే అరుస్తున్నాను. కాకపోతే అప్పట్లో అరిచిన సంగతి మర్నాడు కూడా తెలిసేది కాదు, ఇప్పుడు అరుస్తుండగానే తెలుస్తోంది. దీన్ని ఎదుగుదల అనొచ్చో లేదో మా గుంపులో రెండు ఆదివారాలు వాదన జరిగింది, తేలలేదు.

కొర్లగుంట ఆమె ఇప్పుడు రాత్రి పూట కూర్చుని తింటుంది. పెద్దబ్బాయి వడ్డిస్తాడట, ఉప్పు అందించడం మాత్రం రోజూ మర్చిపోతాడట.

మీ గుంపులో చేరాలంటే ఫీజు ఎంత?

ఫీజు లేదు. ఆదివారం ఏడింటికి, నడక అయ్యాక. పుస్తకం తెచ్చుకోండి, రాయకపోయినా తెచ్చుకోండి. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదు, ఫోటోలు తీయకూడదు. టిఫిన్‌కు ఎవరి డబ్బులు వాళ్ళవి. వాన పడితే ఆ వారం ఉండదు, అయినా ఇద్దరు ముగ్గురు గొడుగులేసుకుని వస్తూనే ఉంటారు.